తడిగుడ్డ మీద వేసిన తప్పు

చెక్క నేలల పని నేర్చుకుంటామని వచ్చేవాళ్ళు నన్ను మొదట అడిగేది మిషన్ల గురించే. ఏ మిషన్ బాగా గీకుతుంది, ఏ పాలిష్ ఎక్కువ మెరుస్తుంది, ఎన్ని కోటింగులు కొట్టాలి. అవన్నీ దుకాణంవాడు చెప్తాడు, నాకంటే తియ్యగా చెప్తాడు. నేను చెప్పబోయేది అంత తియ్యగా ఉండదు. ఈ పనిలో చేత్తో పాడుచేసింది చాలావరకు సరిచేసుకోవచ్చు. నోటితో పాడుచేసింది సరిచేసుకోలేం. తల సగం నెరిశాక గానీ నాకు ఆ సంగతి తెలియలేదు. సిగ్గుపడుతూనే చెప్తున్నాను, వినండి.

నా పేరు మస్తాన్. మాది నెల్లూరు. మా నాయన కుర్చీలకీ మంచాలకీ లక్క పాలిష్ వేసేవాడు, నేను నేలల్లోకి దిగాను. మొదట్లో నేలలంటే పాత వర్తకుల ఇళ్ళలో మిద్దె మీద పరిచిన టేకు పలకలు, నడిస్తే కిర్రుకిర్రుమనేవి. తర్వాత క్లబ్బుల్లో షటిల్ కోర్టులు. ఆ తర్వాత రొయ్యలు వచ్చాయి. సముద్రం వైపు గుంటలు తవ్వినవాళ్ళు కాస్త కలిసిరాగానే మేడలు కట్టారు, పాలరాయి అందరిళ్ళలోనూ ఉంది కదా అని పడగ్గదుల్లో చెక్క వేయించుకున్నారు. ఉప్పుగాలి, ఉక్కపోత, కార్తీకంలో తుఫాను వానలు, వీటి మధ్య చెక్క నేల! పిచ్చి గాకపోతే ఏమిటి? కానీ ఆ పిచ్చే నాకు అన్నం పెట్టింది కాబట్టి ఎక్కువ మాట్లాడను. ఇప్పుడు మోకాళ్ళు రెండూ పోయాయి. నమాజుకు కూడా కుర్చీ వేసుకోవాల్సి వస్తోంది.

మేస్త్రి నేర్పింది

నాకు పని నేర్పినవాడు కోదండం మేస్త్రి. సూళ్ళూరుపేట అవతల నుంచి వచ్చాడు, ఆయన తెలుగులో అరవం వినబడుతూ ఉండేది. అరచెయ్యి పలక మీద పెట్టి జరిపితే చాలు, ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో చెప్పేసేవాడు. మిషన్ ఒక్క చోట ఆగితే గుంట పడుతుందని, ఆగినవాడి వీపు మీద ఒకటి వేసేవాడు. ఆ చేతులకు ఇవాళ్టికీ దండం పెడతాను. ఆయన నోటికి మాత్రం పెట్టను.

ఒకసారి ఒక క్లబ్బులో షటిల్ కోర్టుకు పాలిష్ వేశాం. వానల్లో ఆ పని చేయకూడదు. గాలిలోని తేమ పాలిష్ కింద చిక్కుకుని నేలంతా తెల్లగా మంచు పట్టినట్టు అవుతుంది. మేస్త్రికి ఇది నాకంటే బాగా తెలుసు. పోటీలు పెట్టుకున్నామని క్లబ్బువాళ్ళు తొందర చేస్తే వేసేశాడు. అనుకున్నట్టే తెల్లబడింది. సెక్రటరీ పిలిచి నిలదీస్తే మేస్త్రి తొణకలేదు, బెణకలేదు. వంగి, వేలితో రుద్ది, వాసన చూసి, "ఎవరండీ ఇక్కడ తడిగుడ్డ పెట్టింది?" అన్నాడు. మూలన నిలబడ్డ వాచ్‌మన్‌కు ముచ్చెమటలు పోశాయి. వాడికి అక్షింతలు పడ్డాయి, మాకు మళ్ళీ పని దొరికింది.

బయటికొచ్చి టీ తాగుతూ మేస్త్రి నవ్వాడు. "బాగా గుర్తుపెట్టుకోరా మస్తానూ. ఏ మరకైనా రానీ, ముందు తడిగుడ్డ అనేసెయ్. చెక్క వాళ్ళది, పాలిష్ మనది. గుడ్డ పట్టుకునేవాళ్ళకు నోరుండదు."

నేనూ పడీపడీ నవ్వాను. ఏం బుర్రరా బాబూ అనుకున్నాను. మేస్త్రి ఒక్కడే కాదు, నేను చూసిన ప్రతి పాలిష్‌వాడి దగ్గరా ఆ మాట సిద్ధంగా ఉంటుంది. మీరు కూడా రేపో మాపో వింటారు. విన్నప్పుడు నవ్వకండి.

మరకల సంగతి

పని నేర్చుకునేవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పకపోతే బాగుండదు. ఇనప్పెట్టె కాళ్ళ కింద పడే నల్లటి మచ్చలు తుప్పూ తడీ టేకుతో కలిసి పుట్టేవి. ఎంత గీకినా పోవు. ఆగ్జాలిక్ పొడి గోరువెచ్చని నీళ్ళలో కలిపి పూస్తే పోతాయి, చేతికి తొడుగు వేసుకోండి. వేడి గిన్నె పెడితే తెల్లటి వలయం పడుతుంది. మా బావమరిది ఇంట్లో పెళ్ళికి బిరియానీ దేక్సా తెచ్చి నేను పాలిష్ చేసిన నేలమీదే దించారు. ఆ వలయం పోగొట్టలేక నేను పడ్డ పాట్లు చూసి ఇప్పటికీ ఆ ఇంట్లో ఆడవాళ్ళు నన్ను చూడగానే, "భాయ్ వచ్చినాడు, దేక్సా దాచండే" అంటారు.

ముఖ్యమైనది ఇది. ఎక్కువ నీళ్ళతో తుడిస్తే పడే మరక పలకల సందుల వెంట సన్నగా నల్లబడుతుంది. గది అంతా ఉంటుంది, మనుషులు తిరిగే చోట ఇంకా ఎక్కువ ఉంటుంది. నేల కింద నుంచి వచ్చిన నీరు వేరు. అది గోడ వారన మొదలవుతుంది, మేకుల చుట్టూ నలుపు తేలుతుంది, పలక అంచులు పైకి లేచి చెయ్యి పెడితే దోనెలా తగులుతుంది. ఈ రెండిటికీ తేడా గుడ్డివాడికైనా తెలుస్తుంది. నాకు తెలియదా? తెలుసు.

విడవలూరు దగ్గరి ఇల్లు

రమణయ్య గారిది విడవలూరు మండలం. రొయ్యల గుంటలున్నాయి, మనిషి మంచివాడు, మాట గట్టిది. ఆయన కొత్త ఇంట్లో పడగ్గదికి టేకు పలకలు పరిచి పాలిష్ చేసింది నేనే. పని అప్పగించేటప్పుడు ఆ ఇంట్లో పనిచేసే చెంగమ్మను పిలిచి తుడవడం ఎలాగో నేనే నేర్పించాను. చెంగమ్మది పక్కనే సముద్రం ఒడ్డున పల్లెపాలెం, మొగుడు వేటకు పోతాడు. గుడ్డ తడిపి, చుక్క కారకుండా పిండి, చెక్క పొడుగునే తుడవాలి అని చెప్పాను. ఆమె చీర కొంగు నడుముకు దోపి నా ఎదుటే చేసి చూపించింది. "ఇట్టనా అన్నా? ఇంకా పిండాల్నా?" అని అడిగి మరీ పిండింది.

తర్వాతి ఎండాకాలం రమణయ్య గారు ఫోన్ చేశారు. పోయి చూస్తే కిటికీ గోడ వారన నలుపు. మేకుల చుట్టూ నలుపు. పలకలు అంచులు లేచి ఉన్నాయి. గది మధ్యలో నేల అద్దంలా ఉంది.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. రమణయ్య గారు, ఆయన భార్య సుశీలమ్మ, పక్కింటి నుంచి ఇద్దరు ఆడవాళ్ళు, అందరూ నా చుట్టూ నిలబడ్డారు. చెంగమ్మ టీ తెచ్చి నా చేతికిచ్చింది. నాడి చూడటానికి వచ్చిన డాక్టరుకు కూడా అంత మర్యాద జరగదు. లోపల ఉబ్బిపోయాను. అబద్ధం ఎందుకు, ఉబ్బిపోయాను.

"ఏంది భాయ్ ఇది? పోయినేడే గదా నువ్వు వేసింది," అన్నారు రమణయ్య గారు.

"ఎండలు ముదిరినాకే ఎక్కువైంది భాయ్," అంది సుశీలమ్మ.

ఆ ఒక్క మాట చాలు. తుడవడం ఏడాది పొడుగునా ఉంటుంది. ఎండల్లో ఎక్కువయ్యేది ఏసీ. ఆ గోడమీదే ఏసీ ఉంది. పని తెలిసినవాడు లేచి, గోడ వారన ఒక పలక ఊడదీసి చూడాలి. కానీ ఊడదీస్తే, కింద నా పనిలో ఏ లోటు బయటపడుతుందో? ఏడాది కాకముందే చెడిపోయిందంటే ఆ వీధిలో నాకు ఇంకో ఇల్లు దొరుకుతుందా? మేస్త్రి చేసినట్టే చేశాను. వంగి, వేలితో రుద్ది, వాసన చూశాను.

"తడిగుడ్డ," అన్నాను. "నీళ్ళు పారబోసి తుడుస్తుండారు."

అందరూ చెంగమ్మ వైపు తిరిగారు. ఆమె చేతిలో ఇంకా ట్రే ఉంది.

"అయ్యో, లేదన్నా. నువ్వు చెప్పినట్టే పిండినా గదా. గట్టిగా పిండే తుడుస్తుండా."

నేను టీ తాగాను. ఆమె ఇచ్చిన టీ. కప్పులోకి చూస్తూ, "ఎవురైనా అట్నే అంటారులే అమ్మా," అన్నాను. పక్కింటావిడ ఎవరో కిసుక్కున నవ్వింది. చెంగమ్మ ట్రే పట్టుకుని లోపలికి పోయింది. ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారని తర్వాత తెలిసింది.

నా మేకు

నేను ఆ నలుపు గీకాను, ఆగ్జాలిక్ పూశాను, కొత్తగా పాలిష్ కొట్టాను. ఒక్క పలక కూడా ఊడదీయలేదు. చెయ్యి పెట్టినప్పుడల్లా పలక దోనెలా తగులుతూనే ఉంది, నేను తెలియనట్టే మిషన్ తిప్పాను. లేచిన అంచుల్ని గీకి సమం చేయడమంటే, ఆరిన తర్వాత ఆ పలకను జీవితాంతం వంకరగా ఉంచడమే. అంత పాపిష్టి పని నేను ఎన్నడూ చేయలేదు. చెక్కకే మాట్లాడే నోరుంటే ఆ రోజు నన్ను తిట్టి ఉండేది.

వానలు రాకముందే మళ్ళీ ఫోన్. ఈసారి మాట్లాడింది సుశీలమ్మ. చెంగమ్మ పోయినప్పటి నుంచి ఆ గదిలో ఎవరి చేతా గుడ్డ పెట్టించలేదట, తనే పొడి చీపురుతో ఊడ్చుకుంటోందట. అయినా నలుపు తిరిగి వచ్చింది. ఈసారి ఇంకో రెండు పలకలకు పాకింది.

ఇక తప్పించుకోలేక స్కర్టింగ్ ఊడదీశాను. గోడకూ నేలకూ మధ్య అంచున కొట్టే చెక్కపట్టీ అది. దాని వెనక గోడ చెమ్మగిల్లి ముద్దగా ఉంది. గోడలోపల నుంచి ఏసీ నీళ్ళు దిగే పైపు ఉంది, దానికో చిన్న చిల్లు ఉంది, ఆ చిల్లులో ఒక మేకు ఉంది. స్కర్టింగ్ కొట్టినప్పుడు నేను దింపిన మేకు. ఏసీ వేసినప్పుడల్లా ఆ మేకు పక్క నుంచి నీళ్ళు కారి పలకల కిందికి పోతున్నాయి. యా అల్లా! నేనే చేసుకున్న మరక అది.

రమణయ్య గారు వంగి చూశారు. "ఓహో, పైపు లీకా! ఆ ఏసీవాణ్ణి పిలిపిస్తా ఉండు. వాడి తోలు తీస్తా."

ఇంకొకడి మీదికి పోతోంది, పోనీలే అని నా లోపలి వెధవ అంటున్నాడు. చూడండి, బుద్ధి రావడానికి మనిషికి ఎంత కష్టమో. అప్పుడు సుశీలమ్మ, "ఇప్పుడు ఎవురు తుడిచినారు భాయ్?" అని అడిగింది. కోపంగా కూడా అడగలేదు. "చెంగమ్మకు ఆ తర్వాత ఈ వీధిలో ఎవురూ పని ఇవ్వలేదు. టేకు నేల తగలేసిందంట అని అందరూ చెప్పుకున్నారు. రొయ్యలు వలిచే షెడ్డుకు పోతుండాది."

తల కొట్టేసినట్టయింది. సామాను సర్దుకోకుండానే బండి తీశాను.

పల్లెపాలెంలో

చెంగమ్మ షెడ్డు నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని ఉంది. ఐసులో నానిన చేతులు, వేళ్ళ చివర్లు తెల్లగా ఉబ్బి పగిలాయి, వాటికి కొబ్బరినూనె రాసుకుంటోంది. నన్ను చూసి లేవలేదు. నేను నిలబడే అంతా చెప్పాను. పైపు, మేకు, నీళ్ళు, నేను పలక లేపకపోవడం. "తప్పయిపోయిందమ్మా. నీ మీద వేసినాను," అన్నాను.

ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే నాకు కాస్త బరువు దిగేది. ఆమె నూనె రాసుకోవడం ఆపలేదు.

"నీకు తెలుసునా అప్పుడే?" అని అడిగింది.

"మేకు సంగతి తెలీదు. గుడ్డ కాదని తెలుసు."

"తెలిసే అన్నావా?"

"తెలిసే."

తర్వాత ఆమె మాట్లాడిన మాటలు నాకు కంఠతా వచ్చు. "ఇంటి పనికేం, పోతే పోయిందిలే, ఏదో ఒకటి చేసుకుంటాం. నా కూతురు అడిగింది, నిజంగానే పాడుజేసినావా మా అని. నా బిడ్డే అడిగింది. ఆడ అంతమందిలో అంటివే, ఈడికొచ్చి నా ఒక్కదాని చెవిలో చెప్తావేంది? ఎవురికి తెలవాల? ఆడికే పోయి చెప్పు. అప్పుడు ఎవురెవురు ఉండారో వాళ్ళందరి ముందరా చెప్పు. నేనూ వస్తా. నా బిడ్డా వస్తది."

క్షమాపణ అంటే ఇంటికి పోయి చేతులు జోడించడమని అనుకునేవాణ్ణి. అందులో మనకు సుఖం ఉంది, ఎవరూ చూడరు. చెంగమ్మ నాకు ఆ సుఖం దక్కనివ్వలేదు, మంచిపని చేసింది. మీకూ ఎప్పుడైనా అవసరం పడితే ఆ పద్ధతే మంచిది. ఎక్కడ అన్నారో అక్కడే చెప్పండి.

మరుసటి రోజు అదే గదిలో రమణయ్య గారు, సుశీలమ్మ, పక్కింటి ఆడవాళ్ళిద్దరూ, గుమ్మంలో చెంగమ్మ, ఆమె పక్కన కూతురు. కూతురు బడి బట్టల్లోనే వచ్చింది. నా చేతిలో తుప్పుపట్టిన మేకు. "ఈ మేకు నాది. పైపులోకి దించింది నేను. ఏసీవాడి తప్పు లేదు. చెంగమ్మ గుడ్డ పిండే తుడిచింది. నాకు అప్పుడే తెలుసు, తెలిసి కూడా ఆమె మీద చెప్పినాను," అన్నాను. నవ్విన పక్కింటావిడ తల దించుకుంది. రమణయ్య గారు మాత్రం, "పోనీలే భాయ్, దీనికింత పంచాయితీ ఎందుకు, మళ్ళీ పనిలోకి రమ్మంటే సరిపోలా?" అన్నారు. ఆయనకు అది అంత చిన్న సంగతి. కూతురు మాత్రం తల్లి చెయ్యి పట్టుకుని నన్నే చూస్తోంది. ఆ చూపు ముందు నేను నిలబడలేకపోయాను. సుశీలమ్మే చెంగమ్మ దగ్గరికి పోయి, "తప్పు నాదే చెంగమ్మా, నేను నిన్ను ఒక్క మాట అడిగుండాల. రేపటి నుంచి రా," అంది. చెంగమ్మ తల ఊపింది.

పలకలు మార్చి, నేల అంతా నా చేత్తో మళ్ళీ చేశాను. ఇక్కడితో అయిపోతే నాకు బాగుండేది.

మళ్ళీ ఆ ఇంటికి

ఆ మరుసటి ఏడాది పై కోటు వేయడానికి పోయాను. నేను చేసిన చివరి పనుల్లో అదొకటి. చెంగమ్మ ఆ ఇంట్లోనే ఉంది. వీధిలో మిగతా ఇళ్ళూ తిరిగి పిలిచాయట. కూతురు పదో తరగతిలోకి వచ్చింది. నాకు మనసు తేలికపడింది, పని ముగించుకుని ఉషారుగా కూర్చున్నాను. చెంగమ్మ టీ తెచ్చింది. గదిలోకి రాలేదు, గుమ్మం దగ్గరే వంగి గ్లాసు నావైపు జరిపింది. "లోపలికి రా చెంగమ్మా, ఆరిపోయిందిలే," అన్నాను.

"వద్దులే అయ్యా," అంది. ఇదివరకు ఆమె నన్ను అన్నా అనేది.

ఆ గది ఒక్కటి తుడవనని సుశీలమ్మకు ముందే చెప్పిందట. మిగతా ఇల్లంతా ఆమే తుడుస్తుంది, ఆ గది సుశీలమ్మ తుడుచుకుంటుంది. నాకు ఆ సంగతి అప్పుడు తెలియదు. లేవబోతుంటే మోకాలు పట్టేసి, చెయ్యి తగిలి గ్లాసు దొర్లింది. కొత్త కోటు మీద టీ పారింది. ఏముంది, వెంటనే తుడిస్తే మరక కూడా పడదు. భుజం మీది తువ్వాలు తీసి వంగాను.

"తుడవొద్దు!" అని అరిచింది చెంగమ్మ.

అదిరిపడ్డాను. ఆమె గుమ్మానికి అవతల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మా! అమ్మా! ఒక్కసారి ఇట్టా రండి," అని లోపలికి కేకేసింది.

"నేనే పోసినానమ్మా, నేను చెప్తాలే," అన్నాను.

ఆమె నా మాట చెవిన పెట్టలేదు. సుశీలమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, నేలనూ గ్లాసునూ నన్నూ చూసి, "చూసినాలే చెంగమ్మా. భాయ్ పోసినాడు. చూసినా," అనేదాకా, ఆ టీ చుక్కను నన్ను కూడా ముట్టుకోనివ్వలేదు.